కంటికి కనబడని గీత: ఇంటి సి.ఎన్.సి. యంత్రానికి నాలుగవ అక్షం

తెలుగువారి వంటింటి అప్పడాల కర్ర, పిల్లల చేతి బొంగరం, పందిరి మంచపు కోళ్లు, పసిపాప నడక నేర్చుకునే మూడు చక్రాల బండి పిడి: వీటన్నిటికీ పుట్టినిల్లు ఒకటే. దానికి తరిమెన అని పేరు. ఈనాటి వాడుకలో లేతు అంటారు. కొయ్య తిరుగుతుంది, ఉలి నిలబడుతుంది. ఉలిని పట్టిన చేయి ఎంత ముందుకు వస్తే కొయ్య అంత సన్నబడుతుంది. ఇంత సులువైన సూత్రంతో మనిషి ఎన్ని వేల ఏండ్లుగా ఎన్ని అందాలు సృష్టించినా, తరిమెనకు ఒక హద్దు ఉన్నది. దానిపై పుట్టినది ఏదైనా గుండ్రంగానే ఉండాలి. దానితో బొమ్మకు మెడ తేవచ్చును, నడుము తేవచ్చును, కిరీటపు అంచులు తేవచ్చును; ముక్కు మాత్రం తేలేము.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం ఈ హద్దునే తన అందంగా మలచుకున్నది. అక్కడి కళాకారులు తేలికైన అంకుడు కర్రను తరిమెనకు బిగించి తిప్పుతూ, దానిపై రంగు లక్కను ఒత్తుతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్దితే అద్దం వలె మెరుస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. సహజ వర్ణాలను తిరిగి వాడుకలోకి తెచ్చిన శ్రీ సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించినది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. గుండ్రటి రూపాలతోనే రాజును, రాణిని, ఎడ్లబండిని, పెళ్లిమేళాన్ని సాక్షాత్కరింపజేసిన ఆ నేర్పు సామాన్యమైనది కాదు.

ఆ బొమ్మలు పెట్టెలలో భద్రంగా సముద్రాలు దాటి కెనడాకు వచ్చినవి. బ్రాంప్టన్‌లోనో, కాల్గరీలోనో ఏ తెలుగు ఇంటికి వెళ్లినా అద్దాల బీరువాలో ఒక జంట కనిపిస్తుంది. కాని అదే ఇంటి నేలమాళిగలోనో, గరాజులోనో గత కొద్ది సంవత్సరాలుగా మరొక వస్తువు చేరుతున్నది. అది అభిరుచి కోసం కొనుక్కునే సి.ఎన్.సి. యంత్రం, అనగా కంప్యూటరు అంకెలతో నడిపే చెక్కుడు యంత్రం. భోజనాల బల్లలో సగం చోటు చాలు. పిల్లల సైన్సు ప్రదర్శనలకు, గుమ్మం మీది పేరు పలకకు, వినాయక చవితి మండపానికి, దేవుని పీటకు అది ఎంతగానో పనికివస్తున్నది. పలకలు చెక్కడం అలవాటైన తరువాత ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న వస్తుంది: దీనితో బొమ్మ చేయగలమా? నాలుగవ అక్షం అవసరం ఇక్కడే మొదలవుతుంది.

మూడు అక్షాల సంగతి ముందుగా చెప్పుకుంటే నాలుగవది తేలికగా బోధపడుతుంది. యంత్రపు కోత బిట్టు కుడి ఎడమలకు జరిగితే ఎక్స్ అక్షం, ముందు వెనుకలకు జరిగితే వై అక్షం, పైకి కిందికి కదిలితే జడ్ అక్షం. ఈ మూడింటితో బల్ల మీద పరచిన పలకపై కొండలు, లోయలు చెక్కవచ్చును. కాని పలక అడుగుభాగం బిట్టుకు అందదు. ముగ్గు వేసే చేతికి నేల పైభాగమే కనిపించినట్లు, ఈ యంత్రానికి కొయ్య పైముఖమే కనిపిస్తుంది. ఆ కొయ్యను ఒక చక్‌లో బిగించి, రెండవ కొనను టెయిల్‌స్టాక్ మొనతో ఆనించి, ఎక్స్ అక్షానికి సమాంతరంగా ఉంచి, మరొక మోటారుతో కావలసినన్ని డిగ్రీలు తిప్పగలిగితే నాలుగు ముఖాలూ, నాలుగు వందల ముఖాలూ అందుతాయి. ఈ తిరుగుడు అక్షాన్ని ఏ అక్షం అంటారు. తరిమెనలో కొయ్య ఆగకుండా తిరుగుతుంది. ఇక్కడ అది ఎంత తిరగమంటే అంత తిరిగి, అక్కడ ఆగుతుంది. ముక్కు వద్దకు రాగానే ఉలి పైకి లేస్తుంది, చెంప వద్ద దిగుతుంది. తరిమెన గుండ్రదనపు హద్దు ఆ విధంగా తొలగిపోతుంది.

ఈ ఊహ కంప్యూటర్ల కాలానిది కాదు. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే యంత్రనిపుణుడు గుండ్రంగా లేని కొయ్యలను చెక్కే లేతుకు 1819లో పేటెంటు పొందినాడు. తుపాకీ మడమల కోసం పుట్టిన ఆ యంత్రంలో ఒక నమూనా, ఒక ముడి కొయ్య జంటగా మెల్లగా తిరుగుతాయి. నమూనాను తాకుతూ పోయే చక్రం ఎట్లా లేచి దిగితే కత్తి అట్లా లేచి దిగుతుంది. చెప్పుల అచ్చులు, గొడ్డలి పిడులు ఆ తరువాత ఇదే పద్ధతిలో వచ్చినవి.

నమూనా బదులు మనిషి చేతి కదలికనే నమూనాగా తీసుకుంటే ఏమవుతుందన్న ఆలోచన కెనడాలో పుట్టినది. టొరంటోకు చెందిన ఎరిక్ లీవర్, జె.జె. బ్రౌన్‌తో కలసి, 1946 నవంబరు ‘ఫార్చ్యూన్’ పత్రికలో మనుషులు లేని యంత్రాలను గురించి వ్యాసం ప్రచురించినాడు. తరువాత లీవర్, మౌన్స్ అనే సహచరునితో కలసి, ఆమ్‌క్రో అనే పద్ధతిని రూపొందించి 1949లో అమెరికా పేటెంటు పొందినాడు. నిపుణుడైన పనివాడు ఒకసారి యంత్రాన్ని నడుపుతాడు. ఆ కదలికలు నమోదవుతాయి. ఆపై యంత్రం తానే వాటిని మళ్లీ మళ్లీ నడుపుతుంది. గాయకుని పాటను రికార్డు చేసినట్లు పనివాని చేతిని రికార్డు చేయడమన్నమాట. అదే కాలంలో అమెరికాలో జాన్ పార్సన్స్ ఆలోచన, వైమానిక దళపు డబ్బు, ఎం.ఐ.టి. ప్రయోగశాల కలసి రెండవ దారిని తొక్కినవి. అక్కడ పనివాని చేతితో పని లేదు. వస్తువు ఆకారాన్ని గణితంగా లెక్కించి అంకెలుగా యంత్రానికి అందిస్తారు. 1952లో ఎం.ఐ.టి. ప్రదర్శించిన మూడక్షాల యంత్రం ఆ దారిలోనిదే. ప్రపంచం రెండవ దారినే ఎన్నుకున్నది. నేడు నేలమాళిగల్లో నడిచే ప్రతి చిన్న యంత్రమూ దాని సంతానమే.

ఈ చరిత్రను ఇక్కడ తలచుకోవడానికి కారణం ఉన్నది. టొరంటో పద్ధతే నిలిచి ఉంటే, ఏటికొప్పాక కళాకారుని చేతి వాటం యంత్రంలో భద్రపడి ఉండేదేమో. కొయ్య వంకరగా తిరుగుతున్నదని ఆయన మణికట్టుకు తెలుస్తుంది, ఉలి తానే సర్దుకుంటుంది. అంకెల యంత్రానికి మణికట్టు లేదు. కొయ్య తిరిగే నడిమి గీత, అనగా అక్షరేఖ, ఎక్కడున్నదో దానికి ఎవరైనా చెప్పాలి. ఆ గీత కంటికి కనబడదు, చేతికి తగలదు. నాలుగవ అక్షాన్ని అమర్చడంలోని కష్టమంతా ఈ ఒక్క గీతను కనుగొని, యంత్రపు గీతలతో కలపడంలోనే ఉన్నది. చక్, మోటారు, తీగలు కొనుక్కుంటే దొరుకుతాయి. గీత దొరకదు.

దొరికే వస్తువుల విషయానికి వస్తే కెనడావాసులు అదృష్టవంతులే. అంకెల యంత్రాలను ఇంటి కంప్యూటరుతో నడపడానికి ఎందరికో దారి చూపిన మాక్ 3 అనే సాఫ్ట్‌వేర్ కర్త ఆర్ట్ ఫెనర్టీ కెనడా దేశస్థుడే. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుద్ మొదలుపెట్టిన జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత ప్రోగ్రాము అరచేతిలో పట్టే ఆర్డునో పలక మీద నడిచి, ఈ యంత్రాలను సామాన్యుల అందుబాటులోకి తెచ్చినది. ఒంటారియోలోని వాటర్లూ ప్రాంతంలో వెలసిన సియెన్సీ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 2016లో మిల్ వన్ అనే యంత్రంతో మొదలై, తరువాత లాంగ్‌మిల్‌ను, జి-సెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, వోర్టెక్స్ అనే తిరుగుడు అక్షాన్ని తెచ్చినది. ఇటువంటి సిద్ధమైన పరికరం కొన్నా, విడిభాగాలు తెచ్చి కూర్చుకున్నా, అమర్చే పద్ధతి ఒక్కటే.

అడుగుల లెక్క

ఈ యంత్రాలలో వాడే స్టెప్పర్ మోటారు గడియారపు ముల్లు వలె అడుగులు వేస్తూ తిరుగుతుంది. సాధారణంగా ఒక చుట్టుకు 200 అడుగులు. డ్రైవరు ఒక్కొక్క అడుగును 8 భాగాలు చేస్తే 1600. మోటారుకూ చక్‌కూ నడుమ 6కు 1 నిష్పత్తిలో బెల్టు ఉన్నదనుకుంటే, చక్ ఒక చుట్టు తిరగడానికి 9600 అడుగులు కావాలి. దానిని 360 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి 26.6666… అడుగులు. యంత్రానికి ఇవ్వవలసిన మొదటి అంకె ఇదే. అనేకులు దీనిని 26.67 అని గుండ్రం చేసి మరచిపోతారు. అప్పుడు యంత్రం చుట్టుకు 9601.2 అడుగులు వేస్తుంది. ఒక చుట్టులో ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు. కాని కొయ్య చుట్టూ మరమేకు వలె చుట్టుకుంటూ చెక్కే పనిలో వంద చుట్లు సహజం. వంద చుట్లకు 120 అడుగులు, అనగా నాలుగున్నర డిగ్రీలు పక్కకు పోతుంది. మొదట ముతకగా చెక్కిన ముఖం మీద తరువాత సన్నగా చెక్కవలసిన కనుబొమ దిగవలసిన చోట దిగదు. 26.667 అని మూడు దశాంశాలు వ్రాస్తే తేడా పదవ వంతుకు తగ్గుతుంది. బెల్టు నిష్పత్తి 9కి 1 అయితే డిగ్రీకి సరిగ్గా 40 అడుగులు వచ్చి ఈ బాధే ఉండదు. పరికరం కొనేటప్పుడు మోటారు బలాన్ని విచారించేవారు ఉన్నారు గాని ఈ భాగహారాన్ని విచారించేవారు తక్కువ.

మరొక చిక్కు మూడక్షాల నియంత్రకాలది. మామూలు జి.ఆర్.బి.ఎల్. పలకకు నాలుగవ మోటారును స్వతంత్రంగా నడిపే శక్తి లేదు. అందువల్ల చాలామంది వై అక్షపు తీగను తప్పించి, ఆ స్థానంలో తిరుగుడు మోటారును కలుపుతారు. బిట్టును కొయ్య నడినెత్తిన నిలిపి ఉంచితే వై కదలిక అవసరం ఉండదు గనుక ఈ ఉపాయం చెల్లుతుంది. అప్పుడు యంత్రం తాను వై దిశలో మిల్లీమీటర్లు జరుగుతున్నానని భ్రమపడుతూ కొయ్యను తిప్పుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల కొయ్య చుట్టుకొలత 157.08 మిల్లీమీటర్లు. ఆ దూరానికి 9600 అడుగులు పడాలంటే మిల్లీమీటరుకు 61.115 అడుగులని చెప్పాలి. కొయ్య వ్యాసం మారితే ఈ అంకె కూడ మారుతుంది. పని ముగిసిన తరువాత తీగను మార్చినట్లే ఈ అంకెను కూడ పాత విలువకు మార్చడం మరువరాదు. వై అక్షానికి మిల్లీమీటరుకు 200 అడుగులు కావలసిన యంత్రం 61.115తో నడిస్తే, 100 మిల్లీమీటర్లు జరగమన్నప్పుడు ముప్పై చిల్లర మాత్రమే జరిగి ఆగుతుంది. మరునాడు పేరు పలక చెక్కబోయినప్పుడు అక్షరాలన్నీ అణగిపోయి వస్తే కారణం ఇదే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ మార్పును ఒక్క మీట నొక్కితే చేసిపెడుతున్నవి. అయినా అంకెను ఒకసారి కంటితో చూసుకోవడం మంచిది.

గీతను వెదకడం

ఇక అసలు పని. చక్‌లో ముందుగా కొయ్యను బిగించరాదు. నిటారుగా, గుండ్రంగా ఉన్న ఉక్కు కడ్డీని బిగించాలి. 12 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక అడుగు పొడవు ఉంటే చాలు. యంత్రపు తలకు డయల్ ఇండికేటర్‌ను తగిలించి, దాని ముల్లు కడ్డీ నెత్తిన ఆనేటట్లు చేసి, చక్ వైపు నుంచి టెయిల్‌స్టాక్ వైపుకు నడపాలి. ముల్లు కదిలితే రెండు కొనలు ఒకే ఎత్తులో లేవన్నమాట. పలుచని రేకులు, చివరకు కాగితం ముక్కలు అడుగున పెట్టి ఎత్తు సరిచేస్తారు. ఆ తరువాత అదే పరీక్ష కడ్డీ పక్కభాగాన చేస్తే, కడ్డీ ఎక్స్ అక్షానికి సమాంతరంగా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

ఈ రెండు దోషాల స్వభావం ఒకటి కాదు. ఎత్తు దోషం వెంటనే బయటపడుతుంది. టెయిల్‌స్టాక్ 0.3 మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే ఆ కొనలో కొయ్య వ్యాసం 0.6 తగ్గుతుంది. అప్పడాల కర్ర ఒకవైపు సన్నబడినట్లు వెర్నియర్ కాలిపర్స్ ఇట్టే చెప్పేస్తుంది. పక్క దోషం దొంగ వంటిది. 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో బిట్టు 0.3 పక్కకు తొలగినా, పైథాగరస్ సూత్రం ప్రకారం వ్యాసార్ధం పెరిగేది మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులు మాత్రమే. కొలిచి చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కాని అదే కొయ్యకు ఒకవైపు నుంచి సగం లోతు, 180 డిగ్రీలు తిప్పి రెండవవైపు నుంచి సగం లోతు రంధ్రం తొలిస్తే, రెండు సగాలూ నడుమ కలవవు. 0.6 మిల్లీమీటరు ఎడంగా దాటిపోతాయి. బొమ్మ చేతిని ఇరుసుపై తిరిగేలా చేయాలనుకున్నవారికి ఈ తేడా అర్థమవుతుంది. తిప్పినప్పుడల్లా దోషం రెండింతలవుతుందన్నది ఈ పరికరం మొత్తానికి వర్తించే సూత్రం. దీనినే ఉపకారంగా మలచుకోవచ్చును కూడ. చిన్న దోషాన్ని రెండింతలు చేసి చూపే సాధనం మరొకటి లేదు.

గీత దిశ కుదిరిన తరువాత దాని స్థానం కనుగొనాలి. స్పిండిల్‌లో 6.35 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీని పెట్టి, చక్‌లోని ఉక్కు కడ్డీని ముందువైపు మెల్లగా తాకించి వై అంకె చూడాలి. 112.40 వచ్చినదనుకుందాము. వెనుకవైపు తాకిస్తే 130.75. రెండింటి సగటు 121.575, అదే నడిమి గీత. రెండు అంకెల తేడా 18.35, అనగా 12, 6.35ల మొత్తం. ఈ మొత్తం కుదరకపోతే ఎక్కడో కడ్డీ వంగినది, లేదా తాకిందన్న భ్రమ కలిగినది అని గ్రహించి మళ్లీ మొదలుపెట్టాలి. జడ్ విషయంలో కడ్డీ నెత్తిన తాకించి, ఆ చోటును సున్నా అనక, 6 అని వ్రాయాలి. అప్పుడు సున్నా కడ్డీ గర్భంలో, అక్షరేఖ మీద పడుతుంది. పలకలు చెక్కడానికి అలవాటు పడినవారికి ఇది మింగుడుపడదు. వారికి సున్నా అంటే కొయ్య పైభాగమే. కాని ముడి కొయ్య పైభాగం చోటు చోటుకు మారుతుంది. మారనిది నడిమి గీత ఒక్కటే.

చివరి పరీక్షకు ఒక పనికిరాని కొయ్య ముక్క చాలు. జడ్ 20 వద్ద దాని నెత్తిని చదునుగా చెక్కి, 180 డిగ్రీలు తిప్పి మళ్లీ అదే ఎత్తున చెక్కాలి. రెండు చదునుల నడుమ మందం సరిగ్గా 40 ఉండాలి. 40.5 వస్తే సున్నా పావు మిల్లీమీటరు ఎత్తులో ఉన్నదని అర్థం. అంత కిందికి దించితే పని ముగుస్తుంది.

వేగం సంగతి

జి-కోడ్ అనే ఆజ్ఞల భాషలో కోత వేగాన్ని నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని చెబుతారు. తిరుగుడు అక్షానికి వచ్చేసరికి అదే అంకెను అనేక నియంత్రకాలు నిమిషానికి ఇన్ని డిగ్రీలని అర్థం చేసుకుంటాయి. 600 అని ఇస్తే కొయ్య నిమిషానికి ఒకటిన్నర చుట్టుకు కొంచెం మించి తిరుగుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బొమ్మ పొట్ట వద్ద బిట్టు కింద కొయ్య నిమిషానికి 262 మిల్లీమీటర్లు సాగుతుంది. 10 మిల్లీమీటర్ల మెడ వద్ద 52 మాత్రమే. గానుగెద్దు ఒకే వేగంతో తిరిగినా రోకటి దగ్గరి గింజ మెల్లగా, అంచు గింజ వడిగా కదిలినట్లే ఇదీ. మెడ దగ్గర బిట్టు కదలక ఒకేచోట గిరగిర తిరగడంతో కొయ్య మాడి నల్లబడుతుంది. కొత్తవారు దీనిని బిట్టు మొద్దుబారడం వల్ల అనుకుని కొత్త బిట్టు కొంటారు; అదీ మాడుస్తుంది. దీనికి విరుగుడు జి 93 అనే ఆజ్ఞ. ఆ పద్ధతిలో ప్రతి కదలికకూ వేగం చెప్పరు, అది ముగియవలసిన కాలాన్ని తలక్రిందులు చేసి చెబుతారు. నిమిషంలో ఏభయ్యో వంతులో ముగియాలంటే 50 అని వ్రాస్తారు. వ్యాసం ఎంతైనా బిట్టు కొయ్య మీద ఒకే వడితో నడిచేటట్లు ఆ కాలాలను ముందుగా లెక్కించే భారం కంప్యూటరు మీద పడుతుంది. జి.ఆర్.బి.ఎల్., లైనక్స్ సి.ఎన్.సి. రెండింటికీ ఈ ఆజ్ఞ తెలుసు.

చదునైన బొమ్మను కొయ్యకు చుట్టే పద్ధతిలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. 50 మిల్లీమీటర్ల వ్యాసానికి గీసిన ముగ్గు 30 మిల్లీమీటర్ల నడుము వద్దకు వచ్చేసరికి వెడల్పులో అయిదింట మూడు వంతులకు కుదించుకుపోతుంది. లతలకు, చుక్కలకు ఇది అందమే. తెలుగు అక్షరాలకు అందం కాదు. గుండ్రంగా ఉండవలసిన ‘ర’ కోడిగుడ్డు వలె నిలబడుతుంది, వత్తులు ఇరుక్కుపోతాయి. అక్షరాలు చెక్కదలచినవారు వ్యాసం మారని భాగాన్ని వాటికి కేటాయించడం ఉత్తమం. పిండి మీద అచ్చు పడవలసిన కర్ర అయితే అద్దంలో చూసినట్లు తిరగవేసి చెక్కాలన్నది పెద్దలు చెప్పకముందే పిల్లలు పట్టేస్తారు.

కెనడా చలి, కొయ్య గుణం

మోటారు అడుగు ఒక్కటి 50 మిల్లీమీటర్ల కొయ్య మీద 0.016 మిల్లీమీటరు. ఈ అంకె చూసి మురిసిపోయేవారు కొయ్య స్వభావాన్ని కూడ తెలుసుకోవాలి. అంకుడు కర్ర కెనడాలో దొరకదు; ఇక్కడ సులభంగా దొరికే గట్టి మేపుల్ వంటింటి సామగ్రికి ఎన్నదగినది. అయితే పచ్చి మేపుల్ పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 9.9 శాతం, వాటికి అడ్డంగా 4.8 శాతం కుదించుకుపోతుంది. రెండు దిశల్లోనూ కుదింపు సమానం కాదు గనుక గుండ్రంగా చెక్కినది ఎండిన కొద్దీ కోలగా మారుతుంది. శీతకాలంలో ఇంట్లో హీటింగు నడిచి గాలి పొడిబారుతుంది. ఎడ్మంటన్, సాస్కటూన్ వంటి ఊళ్లలో మరీ ఎక్కువ. వేసవిలో 12 శాతం తేమతో ఉన్న కొయ్య శీతకాలంలో 6 శాతానికి దిగితే, 50 మిల్లీమీటర్ల వ్యాసం ఒక దిశలో మరొక దిశకన్న అర మిల్లీమీటరు ఎక్కువ తగ్గుతుంది. అర మిల్లీమీటరు అంటే మోటారు అడుగులు ముప్పై. కొయ్యను చెక్కబోయే గదిలోనే కొన్ని వారాలు ఉంచి, అక్కడి గాలికి అలవాటు చేయడం ఏ ఖరీదైన పరికరానికన్న ఎక్కువ మేలు చేస్తుంది. చల్లటి గరాజు నుంచి తెచ్చి వెంటనే చక్‌లో బిగించిన కొయ్య, ముఖం చెక్కడం పూర్తయ్యేలోగా చక్ పట్టులో వదులైనా ఆశ్చర్యం లేదు.

గాలి అనగానే చెప్పవలసినది కొయ్య ధూళి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వెలువరించిన సంపుటంలో దీనిని మానవులకు కాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. కెనడా ఇళ్లలో నేలమాళిగలోనే ఫర్నేస్ ఉంటుంది. అక్కడి గాలి అన్ని గదులకూ పాకుతుంది. కొయ్య ధూళి మండే పదార్థం కూడ. ధూళిని పీల్చే యంత్రం, ముక్కుకు తగిన ముసుగు లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. తిరుగుడు అక్షం మెల్లగా తిరుగుతుంది గనుక అపాయం లేదనిపిస్తుంది. అది పొరపాటు. స్పిండిల్ నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. మెల్లగా తిరిగే చక్ దవడలు చున్నీ కొంగును, మెడలోని గొలుసును, జారవిడిచిన జడను పట్టుకుంటే వదలవు. యంత్రాన్ని ఆపే ఎర్ర బొత్తాము ఎక్కడున్నదో ఇంటిలోని ప్రతివారికీ తెలిసి ఉండాలి. పిల్లలు చూడవచ్చును, చూడాలి కూడ. చేతికందనంత దూరం నుంచి.

ఇంత చేసిన తరువాత ముక్కూ చెవులూ గల బొమ్మ తయారవుతుంది. కాని దానికి ఏటికొప్పాక మెరుపు రాదు. లక్క కరగడానికి కావలసిన వేడి ఒరిపిడి వల్ల పుట్టాలి, ఒరిపిడికి వడి కావాలి. పైన చెప్పిన బెల్టుతో చక్ నిమిషానికి 50 చుట్లు తిరిగితే, 50 మిల్లీమీటర్ల బొమ్మ అంచు నిమిషానికి 8 మీటర్ల లోపే సాగుతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే చిన్న లేతు మీద అదే అంచు 157 మీటర్లు సాగుతుంది. ఇరవై రెట్లు తేడా. పైగా లక్క కడ్డీని ఒత్తేటప్పుడు ముక్కు అడ్డం వస్తుంది. గుండ్రదనం తరిమెనకు హద్దు అనుకున్నాము గాని, లక్క పూతకు ఆ గుండ్రదనమే ఆధారం. అందువల్ల బొమ్మను రెండు భాగాలుగా చేయడం ఒక మార్గం: గుండ్రటి మొండెం, కిరీటం లేతు మీద లక్కతో, ముఖం నాలుగవ అక్షం మీద. లేతు లేనివారికి షెల్లాక్ ఉన్నది. అదీ లక్క పురుగు ఇచ్చినదే, లక్కను ఎక్కువగా పండించే దేశాల్లో భారతదేశం ఒకటి. స్పిరిటులో కరిగించిన షెల్లాక్ డబ్బాలు కెనడా హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. కుంచెతో పలుచగా పూసి, పొర ఆరిన తరువాత మరొక పొర వేయాలి. స్పిరిటు ఆవిరి మంట అంటుకునేది గనుక ఫర్నేసుకు దూరంగా, కిటికీ తెరచి ఈ పని చేయాలి. చలికాలంలో అయితే మంచి ఎండ కాసే రోజు కోసం ఆగడమే మంచిది.